నాస్ డబ్బా కొనే ముందు రెండో ఇల్లు చూసుకోండి

ఇంట్లో నాస్, అంటే ఇంటిల్లిపాది ఫొటోలు, ఫైళ్లు ఒకేచోట దాచే డబ్బా, పెట్టుకుందామనుకునే వాళ్లు ముందుగా అడిగేది "ఏ కంపెనీది మంచిది?" అని. నేను ఎదురు అడిగేది ఒకటే: "రెండో కాపీ ఎవరింట్ల పెడ్తవు?" ఈ ప్రశ్న నాకు 2023 జూలై నేర్పింది. ఆ నెలాఖరు వానల గురించి మన దగ్గర ఎవరికీ గుర్తు చేయనక్కర్లేదు. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 650 మిల్లీమీటర్లు కురిసింది. వరంగల్, హనుమకొండ లోతట్టు కాలనీల్లో ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. హంటర్ రోడ్డు వైపు ఉండే మా మేనమామ ఇంట్లో సీపీయూ నేల మీద ఉండేది, బ్యాకప్ తీసే హార్డ్ డిస్కు దాని పక్కనే. ఆయన అశ్రద్ధ మనిషి కాదు, ఆదివారం ఆదివారం కాపీ తీసేవాడు. అసలూ నకలూ ఒకే నీళ్లలో మునిగాయి.

అందుకే ఈ పనికి నేను పెట్టుకున్న వరస వేరు. ముందు ఇంకో ఇల్లు, తర్వాత లెక్క, ఆ తర్వాతే కొనుడు. ఇంకో ఇల్లంటే ఊళ్లో అమ్మానాన్నల ఇల్లు కావచ్చు, హైదరాబాద్‌లో తమ్ముడి ఫ్లాటు కావచ్చు, మీరు పనిచేసే చోట తాళం పడే డ్రాయరు కావచ్చు. ఒకే వాన, ఒకే దొంగ, ఒకే మంట రెండు చోట్లకూ రాకపోతే చాలు. మాకు నర్సంపేట దగ్గర ఊళ్లో బాపు ఇల్లుంది. మీది ఏదో ఖాయం చేసుకుని ముందుకు చదవండి, చివరికి మళ్లీ అక్కడికే వస్తాం.

అసలు అవసరమా? లెక్క వేయండి

నాస్ అంటే రూటర్‌కు వైరుతో తగిలించి పెట్టే హార్డ్ డిస్కుల డబ్బా. స్క్రీను, కీబోర్డు ఉండవు. లోపల చిన్న కంప్యూటర్ ఉంటుంది. ఇంట్లోని ఫోన్లు, ల్యాప్‌టాపులు, టీవీ అన్నీ ఫైళ్లు అందులో పెడతాయి, అందులోంచే తీసుకుంటాయి. 2021 జూన్ 1 నుంచి గూగుల్ ఫొటోస్‌లో ఎన్ని ఫొటోలైనా ఉచితం అన్నది ఆగిపోయి, అన్నీ 15 జీబీ లెక్కలోకి వచ్చాక చాలా ఇళ్లలో ఈ ఆలోచన మొదలైంది.

ఒక సాయంత్రం ఇంట్లో ఉన్న ఫోన్లు, పెన్‌డ్రైవులు, పాత ల్యాప్‌టాపు, పెండ్లి ఫొటోగ్రాఫర్ ఇచ్చిన హార్డ్ డిస్కు అన్నీ ముందేసుకుని సైజులు కాగితం మీద రాయండి. ఫోన్ ఫొటో ఒక్కోటి 3 నుంచి 5 ఎంబీ, వాటితో పెద్ద బాధ లేదు. బరువంతా వీడియోలదే. 4కే వీడియో సెట్టింగును బట్టి నిమిషానికి 170 నుంచి 400 ఎంబీ దాకా తింటుంది. అంటే బతుకమ్మ ఆట అరగంట తీస్తే పన్నెండు జీబీ దాకా పోవచ్చు. మా చెల్లె పెండ్లి ఫుటేజీ ఒక్కటే 380 జీబీ.

మొత్తం 200 జీబీ లోపే వస్తే నాస్ కొనకండి. నిజంగానే చెబుతున్నా. నెలకింత అని కట్టే క్లౌడ్ ప్లాను, దానికి తోడు మామూలు హార్డ్ డిస్కు ఒకటి మీకు సరిపోతాయి. టీబీ దాటితే మాత్రం వచ్చిన అంకెను రెండింతలు చేసి, ఆ పైన దొరికే సైజు తీసుకోండి. మాకు 1.7 టీబీ వచ్చింది, 4 టీబీ తీసుకున్నాం. కంప్యూటర్‌లో అది 3.6 చిల్లరగా కనబడుతుంది. షాపువాడిని తిట్టకండి. కంపెనీ వెయ్యి చొప్పున లెక్కపెడుతుంది, కంప్యూటర్ 1024 చొప్పున.

డబ్బా, డిస్కులు

రెడీమేడ్‌లో సైనాలజీ, క్యూనాప్, అసస్టర్, టెర్రామాస్టర్ కంపెనీలవి దొరుకుతాయి. ఇంటికి రెండు డిస్కులు పట్టేది చాలు. డబ్బా సాధారణంగా ఖాళీగా వస్తుంది, డిస్కులు విడిగా కొనాలి. చాలామంది బడ్జెట్ తప్పేది ఇక్కడే. డబ్బా కంపెనీ సైట్‌లో ఆ మోడల్‌కు ఏ డిస్కులు కుదురుతాయో పట్టిక ఉంటుంది, డబ్బు కట్టే ముందు ఒకసారి చూడండి.

ఇంట్లో మూలన పడి ఉన్న పాత కంప్యూటర్‌లో ఓపెన్‌మీడియావాల్ట్ గానీ ట్రూనాస్ గానీ ఎక్కించుకున్నా నాస్ తయారవుతుంది. రెండూ ఉచితం. నేర్చుకోవాలనే సరదా ఉన్నవాళ్లకు అదే మంచి దారి. కానీ కరెంటు లెక్క చూడండి. రెండు డిస్కుల చిన్న డబ్బా సుమారు 20 వాట్లు తీసుకుంటే నెలకు 14 యూనిట్ల చిల్లర. పాత డెస్క్‌టాపు ఊరికే ఆన్‌లో ఉన్నా 55 వాట్లనుకోండి, 40 యూనిట్లు. మీది గృహజ్యోతి జీరో బిల్లు ఇల్లయితే ఇది చిన్న విషయం కాదు. 200 యూనిట్లు దాటిన నెల బిల్లు మొత్తం మీదే. ఎండాకాలం కూలర్లతో 185 వచ్చే ఇంట్లో చిన్న డబ్బా పెడితే 199, పాత కంప్యూటర్ పెడితే 225. పాత ల్యాప్‌టాపు అయితే కరెంటు తక్కువ తింటుంది, బ్యాటరీ ఉంది కాబట్టి యూపీఎస్ కూడా కలిసొచ్చినట్టే అంటారు కొందరు. ఏళ్ల తరబడి చార్జింగ్‌లోనే ఉంచితే ఆ బ్యాటరీ ఉబ్బుతుంది. నేను ఆ దారి పట్టమని చెప్పను.

డిస్కుల విషయంలో ఒక్క మాట పట్టుకోండి: సీఎంఆర్ కావాలి, ఎస్ఎంఆర్ వద్దు. ఇవి డిస్కు మీద డేటా రాసే రెండు పద్ధతులు. సీఎంఆర్‌లో డేటా గీతలు పక్కపక్కన విడివిడిగా ఉంటాయి. ఎస్ఎంఆర్ డిస్కులో డేటా గీతలు గూనపెంకల కప్పులా ఒకదాని మీద ఒకటి కొంత ఎక్కి ఉంటాయి. పేరులోని షింగిల్డ్ అన్న ఇంగ్లీషు మాట అట్లా వచ్చిందే. స్థలం కలిసొస్తుంది. కానీ మధ్యలో ఒక పెంక మార్చాలంటే పై వరసలన్నీ ఎత్తి మళ్లీ పరచాలి కదా, ఇక్కడా అంతే. మామూలుగా వాడేటప్పుడు తెలియదు. ఒక డిస్కు పోయి, కొత్తది పెట్టి, మొత్తం డేటా దాని మీదికి తిరగరాసేటప్పుడు నత్తనడక నడుస్తుంది. 2020లో వెస్ట్రన్ డిజిటల్ రెడ్ పేరుతో అమ్మిన కొన్ని డిస్కులు ఎస్ఎంఆర్ అని బయటపడి పెద్ద గొడవయింది. ఆ తర్వాతే సీఎంఆర్ డిస్కులకు రెడ్ ప్లస్ అని వేరే పేరు పెట్టారు. సీగేట్‌లో ఐరన్‌వుల్ఫ్ అడగండి.

మన దగ్గర షాపులో "నాస్ డిస్క్" అంటే ఎక్కువ సార్లు సీసీ కెమెరాల డిస్కు చేతిలో పెడతారు, ఎందుకంటే ఎక్కువ అమ్ముడుపోయేది అదే. అది ఆగకుండా రికార్డింగ్ రాయడానికి చేసింది. నాస్‌లో నడవదని కాదు గానీ, కొత్తగా డబ్బులు పెట్టి కొనేటప్పుడు నాస్ డిస్కే కొనండి. నేను కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి పోయి తెచ్చుకున్నాను. షాపులో ఉండగానే డిస్కు మీది సీరియల్ నంబరు కంపెనీ వారంటీ పేజీలో కొట్టి చూడండి. ఇంటికొచ్చి తగిలించాక, డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే స్మార్ట్ వివరాల్లో ఎన్ని గంటలు నడిచిందో చూడండి, కొత్తదైతే సున్నాకు దగ్గరగా ఉండాలి. రెండు డిస్కులూ వీలైతే రెండు షాపుల్లో కొనండి. ఒకే రోజు ఒకే లాటులో తయారైనవి ఒకేసారి పోయే ప్రమాదం ఉంటుంది. తెచ్చేటప్పుడు బట్టల మధ్య చుట్టి ఒళ్లో పెట్టుకోండి, సీటు కింద తోయకండి.

ఎక్కడ పెట్టాలి

నేల మీద కాదు. ఛాతీ ఎత్తులో గోడకు కొట్టిన చెక్క పలక మంచిది. మూసేసే అల్మారా, టీవీ వెనక సందు, ఎండకు కాలే స్లాబు కింది సజ్జ, ఇవేవీ పనికిరావు. మే నెలలో బయట 44 డిగ్రీలున్నప్పుడు డిస్కు వేడి 45 దాటకుండా చూసుకోవడమే కష్టం, అందుకని ఇంట్లో చల్లగా ఉండే గది చూడండి. చల్లగా ఉంటుందని కూలర్‌కు ఎదురుగా మాత్రం పెట్టకండి. కూలర్ గాలిలో తేమ ఉంటుంది, నీళ్లు ఉప్పు నీళ్లయితే తెల్లటి పొడి కూడా ఉంటుంది, డబ్బా ఫ్యాను అదంతా లోపలికి లాక్కుంటుంది. నెలకోసారి రంగులేసే మెత్తటి బ్రష్షుతో జాలీ దుమ్ము దులపండి. అడాప్టరు దగ్గర చీమలు బారులు కడితే ఊరుకోవద్దు.

కరెంటు

మన ఇళ్లలో నాస్‌కు అసలు శత్రువు ఇదే, కాబట్టి కొంచెం ఓపిక పట్టండి.

డిస్కు మీద రాస్తుండగా కరెంటు పోతే, అప్పటికి ఇంకా మెమరీలోనే ఉన్నది పోతుంది, సగం రాసిన ఫైలు చెడుతుంది. ఒక్కోసారి ఏ ఫైలు ఎక్కడుందో లెక్క ఉంచే ఫైల్ సిస్టమే దెబ్బతింటుంది. "మాకు ఇన్వర్టర్ ఉంది కదా" అంటారు. ఇన్వర్టర్ ముందు గానీ వెనక గానీ ఒక చిన్న స్విచ్చు ఉంటుంది, ఒక పక్క ఎకో, ఒక పక్క యూపీఎస్ అని. ఎకోలో ఉంటే కరెంటు పోయి బ్యాటరీ అందుకునే లోపల వచ్చే సందు ఫ్యానుకు తెలియదు, కంప్యూటర్‌కు తెలుస్తుంది. దాన్ని యూపీఎస్ వైపు తిప్పండి. ఇది రూపాయి ఖర్చు లేని పని.

కానీ ఇన్వర్టర్ చేయలేని పని ఒకటుంది. గాలిదుమారానికి స్తంభాలు పడితే కరెంటు రాత్రంతా రాదు. ఇన్వర్టర్ బ్యాటరీ తెల్లవారుజామున అయిపోయిన క్షణం నాస్ కూడా ఠక్కున ఆగిపోతుంది, ముందస్తుగా చెప్పే దిక్కు ఉండదు. అందుకే యూఎస్‌బీ పోర్టు ఉన్న చిన్న యూపీఎస్ ఒకటి కొని, దాని యూఎస్‌బీ వైరు నాస్ వెనక పెట్టండి. కొనేటప్పుడు ఆ పోర్టు ఉందో లేదో చూసి కొనండి, తక్కువ ధర వాటిలో చాలావరకు ఉండదు. నాస్ సెట్టింగ్స్‌లో యూపీఎస్ అని వెతికితే దొరుకుతుంది. బ్యాటరీ మీద ఐదు నిమిషాలు గడిస్తే తనంతట తాను ఆగిపొమ్మని పెట్టండి. కరెంటు వచ్చాక మళ్లీ తనే లేవాలన్న సెట్టింగు ఇంకోచోట ఉంటుంది, దాన్నీ ఆన్ చేయండి. రెండూ పెట్టాక గోడ దగ్గర స్విచ్చు ఆపి నిజంగా పనిచేస్తుందో లేదో కళ్లారా చూడండి. నేను మొదటిసారి చూడకుండా వదిలేశాను. వైరు ఊడిపోయి ఉందని నాలుగు నెలల తర్వాత ఒక ఉరుముల రాత్రి తెలిసింది.

ఉరుముల మాట వచ్చింది కాబట్టి: మీ ఇంటర్నెట్ ఇంట్లోకి ఫైబర్‌తో వస్తే ఆ గాజు తీగ గుండా కరెంటు రాదు. కొన్ని కాలనీల్లో ఇంకా పక్క బిల్డింగు డాబా మీద స్విచ్చు పెట్టి అక్కడి నుంచి రాగి ల్యాన్ వైరు లాగుతున్నారు. పిడుగు పడితే ఆ వైరే దారి. అలాంటి కనెక్షను ఉంటే మేఘం పట్టగానే రూటర్ దగ్గర ఆ వైరు పీకేయండి. ఇంటి ఎర్తింగు కూడా ఎలక్ట్రీషియన్‌తో ఒకసారి చూపించండి. డాబా మీది వైర్లను ఊయలలు చేసుకునే కోతులకు మాత్రం నా దగ్గర ఉపాయం లేదు.

వైరు

నాస్‌ను వైఫైతో కాదు, రూటర్‌కు ల్యాన్ వైరుతోనే కలపాలి. గిగాబిట్ వైరు మీద సెకనుకు 110 ఎంబీ దాకా వస్తుంది. మొదటి రోజు నాకు 11 కన్నా ఎక్కువ రాలేదు. డబ్బా చెడ్డదనుకున్నా, డిస్కు చెడ్డదనుకున్నా, రెండు రాత్రులు పాడుచేసుకున్నా. చివరికి చూస్తే గోడలోంచి వైరు లాగిన అబ్బాయి ఎనిమిది తీగల్లో నాలుగే క్లిప్పులో పెట్టి నొక్కాడు. నాలుగు తీగలతో సెకనుకు 100 మెగాబిట్లే, అంటే 11, 12 ఎంబీ వస్తాయి, గిగాబిట్ రావాలంటే ఎనిమిదీ కావాలి. తేడా ఎంతంటారా? ఆ 380 జీబీ పెండ్లి నాలుగు తీగల మీద తొమ్మిదిన్నర గంటలు, ఎనిమిది తీగల మీద గంట లోపు. క్యాట్ 5ఈ గానీ క్యాట్ 6 గానీ తీసుకుని, క్లిప్పు లోపల ఎనిమిది రంగులూ లెక్కపెట్టండి. ఇంటర్నెట్ వాళ్లిచ్చిన రూటర్‌లో కొన్నిసార్లు ఒక్క పోర్టే గిగాబిట్ ఉంటుంది, నాస్ అందులో పెట్టాలి. మీరు ఎక్కువ వాడే కంప్యూటర్ కూడా వైరు మీద ఉంటే, అన్ని పోర్టులూ గిగాబిట్ ఉన్న చిన్న స్విచ్చు ఒకటి మధ్యలో పెట్టుకోండి.

రూటర్ సెట్టింగ్స్‌లో నాస్‌కు ఒకే ఐపీ అడ్రసు ఎప్పటికీ ఉండేలా రిజర్వ్ చేయండి. లేకపోతే కరెంటు పోయొచ్చినప్పుడు అడ్రసు మారిపోయి, ఇంట్లో వాళ్లు "ఫొటోలు కనబడ్తలేవు" అంటారు.

మొదటిసారి ఆన్ చేశాక

సెటప్ దాదాపు తనే నడిపిస్తుంది. మీరు ఆగి ఆలోచించాల్సిన చోట్లు కొన్నే.

డిస్కులను ఎలా కలపాలని అడుగుతుంది. రెయిడ్ 1 ఎంచుకోండి. రెండు డిస్కుల మీదా ఒకే డేటా ఉంటుంది, ఒకటి పోయినా రెండోది నడిపిస్తుంది. స్థలం ఒక డిస్కుదే దక్కుతుంది. రెయిడ్ 0 అన్నది రెండింటి స్థలమూ ఇస్తుంది, కానీ ఏ ఒక్కటి పోయినా మొత్తం పోతుంది. అటు చూడొద్దు.

ఇక్కడే అందరూ పొరబడతారు. రెయిడ్ ఉంది కాబట్టి బ్యాకప్ ఉన్నట్టే అనుకుంటారు. మా ఇంటికొచ్చిన మేనల్లుడు కార్టూన్లు ఎక్కించుకోవడానికి స్థలం చాలడం లేదని ఒక పెద్ద ఫోల్డరు డిలీట్ కొట్టేశాడు. అది చెల్లె పెండ్లి. రెయిడ్ తన పని తాను బుద్ధిగా చేసింది: రెండు డిస్కుల మీదా ఒకేసారి కొట్టేసింది. ఊళ్లో ఉన్న డిస్కు లేకపోతే చెల్లెకు మొహం చూపించలేకపోయేవాణ్ణి.

ఆ రోజు సాయంత్రం నేను చేసిన పనులు మీరు మొదటి రోజే చేయండి. ప్రతి షేర్డ్ ఫోల్డరుకు రీసైకిల్ బిన్ ఆన్ చేయండి. డబ్బా బీటీఆర్‌ఎఫ్‌ఎస్ గానీ జెడ్ఎఫ్ఎస్ గానీ అనే ఫైల్ సిస్టమ్ ఇస్తే రోజుకో స్నాప్‌షాట్ పెట్టండి. నిన్న ఫోల్డరు ఎలా ఉందో అలాగే గుర్తుంచుకుంటుంది, మారినంత మేరకే స్థలం తీసుకుంటుంది. ఇంట్లో ఒక్కొక్కరికీ వేరే లాగిన్ ఇవ్వండి. పాత ఫొటోల ఫోల్డరులో పిల్లలకూ చుట్టాలకూ చూసే హక్కు మాత్రమే ఉండాలి, కొట్టేసే హక్కు కాదు. అడ్మిన్ అనే పేరుతో వచ్చే ఖాతాను ఆపేసి, వేరే పేరుతో అడ్మిన్‌ను చేసుకోండి, దానికి రెండంచెల లాగిన్ పెట్టండి.

ఫోల్డర్ల పేర్లకు ముందు సంవత్సరం, నెల రాయండి. 2024-02 మేడారం, 2026-01 మేడారం అని రాస్తే వరసలో వాటంతటవే కూర్చుంటాయి. పండుగ పేరుతో మాత్రమే రాస్తే, బతుకమ్మ ఒక ఏడు సెప్టెంబరులో, ఒక ఏడు అక్టోబరులో వస్తుంది కాబట్టి ఏది ఎప్పటిదో మీకే తెలియకుండా పోతుంది. పేర్లు తెలుగులో రాసుకోవచ్చు, ఏ ఇబ్బందీ రాదు.

ఫోన్లు, టీవీ

సైనాలజీకి దాని ఫొటోస్ యాప్ ఉంది, మిగతా వాటికీ అలాంటివే ఉన్నాయి. ఇమ్మిచ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ మొహాలు గుర్తుపట్టి మనిషి వారీగా విడదీస్తుంది, కానీ దానికి ర్యామ్ బాగా కావాలి. 1 జీబీ డబ్బాలో దాని ఊసెత్తకండి. ఆండ్రాయిడ్‌లో ఆ యాప్‌కు బ్యాటరీ పొదుపు ఆపేయాలి, లేకపోతే ఫోను దాన్ని నిద్రపుచ్చుతుంది. ఐఫోన్‌లో అయితే అప్పుడప్పుడు యాప్ తెరిచి కాసేపు ఉంచాల్సిందే. ఇంకో మాట, బ్యాకప్ ఫోల్డర్లలోంచి వాట్సాప్ తీసేయండి. మా బాపు ఫోన్‌లో శుభోదయం బొమ్మలే ఆరు జీబీ ఉన్నాయి.

ఫోన్‌లోని ఫొటోలు తీసేసి ఖాళీ చేసుకునే బటను మాత్రం రెండో కాపీ తయారయ్యే వరకు నొక్కొద్దు. నాస్‌లోని వీడియోలు టీవీలో చూడటానికి జెల్లీఫిన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు.

బయటి నుంచి చూడాలంటే

అమెరికాలో ఉన్న తమ్ముడు చూడాలంటాడు, మీరే హైదరాబాద్ పోయినప్పుడు ఒక కాగితం కావాల్సి వస్తుంది. వీడియోలు చూసి రూటర్‌లో పోర్టులు, అంటే ఇంటర్నెట్ నుంచి నేరుగా నాస్‌లోకి వచ్చే దారులు, తెరవకండి. 2022 జనవరిలో ఇంటర్నెట్‌కు తెరిచి ఉన్న క్యూనాప్ డబ్బాల మీద డెడ్‌బోల్ట్ అనే దాడి జరిగింది. ఫైళ్లన్నీ తాళం వేసి 0.03 బిట్‌కాయిన్ అడిగారు. అంతకు ముందు ఏడాది జూన్‌లో వెస్ట్రన్ డిజిటల్ పాత మై బుక్ లైవ్ డిస్కులను బయటి నుంచే ఎవరో తుడిచేశారు, వాడేవాళ్లు పొద్దున లేచి చూస్తే ఖాళీ. అవి సొంత ఇళ్లలో, మనలాంటి వాళ్ల దగ్గర ఉన్న డబ్బాలే.

మన దగ్గర చాలా కనెక్షన్ల మీద పోర్టులు తెరిచినా పనిచేయదు. కంపెనీ ఒకే అడ్రసును ఎన్నో ఇళ్లకు పంచుతుంది, దాన్ని సీజీన్యాట్ అంటారు. రూటర్‌లో కనిపించే ఐపీ 100.64 నుంచి 100.127 మధ్యలో మొదలవుతుంటే మీదీ అదే. దీనికి నేను వాడేది టెయిల్‌స్కేల్. నాస్‌లో ఒకటి, ఫోన్‌లో ఒకటి ఎక్కించి ఒకే ఖాతాతో లాగిన్ అయితే రెండింటి మధ్య తాళం వేసిన సొరంగం ఏర్పడుతుంది. పోర్టు తెరవాల్సిన పని లేదు, సీజీన్యాట్ అడ్డు రాదు. రూటర్‌లో యూపీఎన్‌పీ అనే సెట్టింగు కూడా ఆపేయండి, అది ఇంట్లోని వస్తువులు తమంతట తామే పోర్టులు తెరుచుకోనిస్తుంది.

ఇక రెండో ఇల్లు

3-2-1 అనే లెక్క ఒకటుంది, పీటర్ క్రోగ్ అనే ఫొటోగ్రాఫర్ దాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. మూడు కాపీలు, రెండు రకాల నిల్వ పరికరాల మీద, ఒకటి ఇంటి బయట. మనం ఆ ఒకటి దగ్గర ఉన్నాం.

చవకైన పద్ధతి ఇది. రెండు యూఎస్‌బీ హార్డ్ డిస్కులు కొనండి. ఒకదానికి ఎర్ర టేపు, ఇంకోదానికి పచ్చ టేపు చుట్టండి. ఎర్రది నాస్ వెనక తగిలించి, బ్యాకప్ యాప్‌లో రోజూ రాత్రి రెండు గంటలకు కాపీ తీయమని పెట్టండి. ఎన్‌క్రిప్షన్ తప్పకుండా ఆన్ చేయండి, బస్సులో బ్యాగు పోయినా లోపలి ఫొటోలు ఎవరికీ కనబడవు. నెలకోసారి ఊరికి పోయేటప్పుడు ఎర్రది తీసుకుపోయి అక్కడ పెట్టి, అక్కడున్న పచ్చది తెచ్చి తగిలించండి. ఇంట్లో నాస్‌కు ఏ వైరసో తగిలినా, ఊళ్లో ఉన్నది ఏ వైరూ లేకుండా ఉంటుంది కాబట్టి దాన్ని ఎవడూ ముట్టలేడు. ఎంత పెద్ద నష్టం జరిగినా పోయేది ఒక నెల ఫొటోలే.

అక్కడ దాన్ని మూత గట్టిగా పడే స్టీలు డబ్బాలో, చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు నాలుగు వేసి పెట్టండి. మొదటిసారి తీసుకుపోయినప్పుడు బాపు అడిగాడు: "గీ డబ్బల ఏమున్నది బిడ్డా, బీరువల పెట్టుమంటున్నవ్?"

"మనందరి ఫొటోలు, బాపు."

"గట్లయితే గోడకు పెట్టరాదు?"

డబ్బులున్నవాళ్లు రెండో నాస్ కొని తమ్ముడి ఫ్లాటులో పెట్టి, టెయిల్‌స్కేల్ మీదుగా రాత్రిపూట కాపీ పోయేలా చేసుకోవచ్చు. అలా చేస్తే మొదటి కాపీ మీ ఇంట్లోనే ల్యాన్ వైరు మీద తీసి, ఆ తర్వాత డబ్బాను అక్కడికి మోసుకుపోండి. 40 మెగాబిట్ల అప్‌లోడ్ మీద ఒక టీబీ పోవాలంటే రెండు రోజులకు పైనే పడుతుంది.

ఏ పద్ధతైనా, మూడు నెలలకోసారి ఏదో ఒక ఫోల్డరును ఆ కాపీలోంచి వెనక్కి తెచ్చి, వేరే కంప్యూటర్‌లో తెరిచి చూడండి. బ్యాకప్ అయిందన్న పచ్చ గుర్తును నేను నమ్మను.

నెలనెలా, ఒక డిస్కు పోయిన రోజు

నెలకోసారి స్మార్ట్ పరీక్ష, మూడు నెలలకోసారి డేటా స్క్రబ్బింగ్ (ఉన్నదంతా చదివి తప్పులున్నాయేమో చూసే పని) పెట్టుకోండి, రెండూ వాటంతటవే జరుగుతాయి. తేడా వస్తే మెయిల్ పంపమని చెప్పి, టెస్ట్ మెయిల్ వచ్చిందో లేదో చూడండి.

డిస్కుల సీరియల్ నంబరు చివరి నాలుగు అంకెలు ట్రే ముందు స్టిక్కరు మీద రాసి అంటించండి. ఒక రోజు డబ్బా కూత పెడుతుంది. ఏ డిస్కు పోయిందో స్క్రీను మీద చూసి, ఆ అంకెలు కలిసిన ట్రేనే లాగాలి. కంగారులో బాగున్నది లాగితే మిగిలేది చెడ్డదే. లాగే ముందు యూఎస్‌బీ కాపీ ఒకటి తాజాగా తీయండి, ఎందుకంటే కొత్త డిస్కు మీదికి 4 టీబీ మొత్తం రాసేటప్పుడు ఏడెనిమిది గంటలో ఇంకా ఎక్కువో ఆ మిగిలిన ఒక్కటే బరువు మోయాలి. ఆ పూట దాని మీద సినిమాలు చూడొద్దని ఇంట్లో చెప్పండి.

బీరువాలో కాగితం

ఇదంతా మీ ఒక్కరి బుర్రలో ఉంటే లాభం లేదు. ఒక తెల్ల కాగితం మీద పెన్నుతో, తెలుగులో రాయండి: డబ్బా ఎక్కడుంది, అందులో ఏమున్నాయి, పాస్‌వర్డ్, ఎన్‌క్రిప్షన్ తాళం, ఊళ్లో డిస్కు ఎక్కడుంది, కూత పెడితే కరెంటు తీయకుండా ఎవరికి ఫోన్ చేయాలి.

నేను రాసిన రోజు కాగితం మా ఆవిడ చేతికిచ్చి పక్క గదిలో కూర్చున్నాను. రెండో లైను దగ్గరే పిలిచింది: "గీ అంకెలు టైపు చెయ్యాలె అని రాసిన్రు, ఎక్కడ టైపు చెయ్యాలె?" బ్రౌజర్ తెరవాలన్న మాటే నేను రాయలేదు. ఆ లైను కొట్టేసి మళ్లీ రాశాను. మూడోసారికి ఆమె ఒక్కతే పాప మొదటి పుట్టినరోజు ఫొటోలు తెరిచింది. ఆ కాగితం బీరువాలో ఉంది. దాని నకలు ఊళ్లో ఉంది, కానీ డిస్కు ఉన్న డబ్బాలో కాదు, అమ్మ పట్టా పాసుపుస్తకాలు దాచే సంచిలో.